ఎండిన చెరువులో బగ్గీ పరుగు

"ఈ వయసులో మీకు బొమ్మకారుతో పనేమిటి?" అని మా వీధిలో అడగనివాళ్ళు లేరు. హోసూరులో ఒక కర్మాగారం టూల్‌రూములో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి 2016లో రిటైరయ్యాను. మైక్రోమీటరు పట్టుకున్న చెయ్యి ఖాళీగా కూర్చోలేదు. మా మనవడి పుణ్యమా అని దానికి ఒక పని దొరికింది. పండగ విశేషాలు, వంటలు, పెద్దల జ్ఞాపకాలు చదివే మన పత్రికలో ఈ సంగతి కొత్తగా అనిపించవచ్చు. సెలవులకు పిల్లలు వచ్చే ఇళ్ళకు ఇందులో కొంత పనికొచ్చేది ఉంటుందనీ, ముఖ్యంగా ఒక బ్యాటరీ సంగతి నలుగురికీ చెప్పి తీరాలనీ సంపాదకులను అడిగి మరీ రాస్తున్నాను.

మా తమ్ముడి అల్లుడికి జపానులో ఉద్యోగం. 2022 మే నెలలో వస్తూ మా మనవడికి ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. పైన దుమ్ము రేపుకుంటూ గాలిలోకి ఎగిరిన బగ్గీ బొమ్మ. వాడికప్పుడు పన్నెండేళ్ళు. బెంగుళూరులో చదువు, వేసవి సెలవులు మా దగ్గర. ఆత్రంగా పెట్టె విప్పాడు. లోపల కారు లేదు! ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని ఉన్న ముక్కలు, చిన్న చిన్న సంచుల్లో స్క్రూలు, ఒక మోటారు, అద్దంలా రంగులేని పైతొడుగు, బొమ్మలతో ఒక పుస్తకం. వాడి మొహం చిన్నబోయింది. నా మొహం వెలిగింది.

దీన్ని ఆర్.సి. బగ్గీ అంటారు. అంటే రేడియోతో నడిపే బండి. అసలు బండిలో పదో వంతు కొలత. పొడవు సుమారు 40 సెంటీమీటర్లు, వెడల్పు 25, బ్యాటరీతో కలిపి బరువు కిలోన్నర పైచిలుకు. తిరునాళ్ళలో కొనే బొమ్మకారు పాడైతే పారేస్తాం. దీనిలో మాత్రం ప్రతి ముక్కా విడిగా దొరుకుతుంది. విరిగితే ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, చక్రం వాలు, స్ప్రింగు బిగువు, నూనె చిక్కదనం అన్నీ మనం మార్చుకునేవే. ఆట సగం, పని సగం. నన్నడిగితే పనే ఎక్కువ.

కాస్త చరిత్ర చెప్పుకుందాం. జపానులో షిజువోకా అనే ఊళ్ళో ఉన్న టమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో రేడియో కార్లు మొదలుపెట్టింది. 1979లో మట్టిలో పరుగెత్తే బగ్గీలు వచ్చాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందే హాట్‌షాట్ అనే బగ్గీని ఆ సంస్థ 1985లో తెచ్చింది. విద్యుత్ బగ్గీలకు మొదటి ప్రపంచ పోటీ కూడా ఆ ఏడే అమెరికాలో, కాలిఫోర్నియాలోని డెల్‌మార్‌లో జరిగింది. 1987లో ఇంగ్లండులోని రోమ్సీలో జరిగిన పోటీలో నాలుగు చక్రాల విభాగాన్ని జపాను కుర్రాడు మసామి హిరోసాకా గెలిచాడు. అప్పుడతని వయసు పదిహేడు. గెలిచిన బండి మాత్రం ఇంగ్లండుది, షూమేకర్ సంస్థ చేసిన క్యాట్. ఆ సంస్థ పెట్టిన సిసిల్ షూమేకర్ అంతకుముందు కాస్‌వర్త్ అనే రేసు ఇంజన్ల కర్మాగారంలో ఇంజనీరు. చిన్న చిన్న ఉక్కు గుళ్ళతో డిఫరెన్షియల్ చేసి ఈ ఆటలో పేరు తెచ్చుకున్నాడు. మా మనవడికి హిరోసాకా నచ్చాడు. నాకు షూమేకర్ నచ్చాడు.

తిరుపుళి దగ్గరే మొదటి పాఠం

మా వైపు స్క్రూడ్రైవరును తిరుపుళి అంటాం. ఇంట్లో ఉన్నదాంతో వాడు మొదలుపెట్టాడు. మూడో స్క్రూకే తల అరిగిపోయింది. జపాను స్క్రూ తల మీది ప్లస్ గుర్తు మామూలు ఫిలిప్స్ గుర్తులాగే కనిపిస్తుంది, కాని కాదు. జె.ఐ.ఎస్. అని వాళ్ళ ప్రమాణం వేరే. ఫిలిప్స్ తిరుపుళి దానిలో పూర్తిగా కూర్చోక జారి, తలను తినేస్తుంది. సరైన తిరుపుళి తెప్పించేదాకా నాలుగు రోజులు పని ఆపించాను. పిల్లవాడు అలిగాడు. అలగనీ.

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూకు ఇంకో కిటుకుంది. ఒకసారి విప్పినదాన్ని మళ్ళీ బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పాలి. పాత మర దొరకగానే టక్కుమని చిన్న కుదుపు తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పాలి. ఇలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుని నాలుగోసారికి రంధ్రం వదులైపోతుంది. లోహంలోకి దిగే స్క్రూకు మర పట్టు మందు ఒక చుక్క వేయాలి. ప్లాస్టిక్‌లోకి దిగేదానికి మాత్రం వేయకూడదు, ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది.

మా పెట్టెలో ఇరుసులకు బేరింగుల బదులు ప్లాస్టిక్ బుష్షులు వచ్చాయి. మట్టిలో తిరిగే బండికి అవి ఎన్నాళ్ళు? ముందే తీసి బాల్ బేరింగులు వేశాం. ఈ బండికి పెట్టే అదనపు ఖర్చులో మొదటి రూపాయి ఇక్కడ పెట్టమంటాను.

పైతొడుగుకు రంగు లోపలి వైపు నుంచి వేయాలి. అంటే బయటికి ముందు కనిపించాల్సిన గీతలు, అంకెలు మొదట, వెనకటి రంగు చివర. తంజావూరు అద్దం బొమ్మలు వేసేవాళ్ళదీ ఇదే పద్ధతి. వాళ్ళ అవ్వ ముగ్గు చిక్కం ఒకటి వెయ్యమంది. వాడు వేశాడు. రేసు బండి మీద ముగ్గు మాదొక్కటే అనుకుంటాను.

నాలుగు చక్రాలూ తిరిగితే

వెనక చక్రాలు మాత్రమే తిరిగే బగ్గీ వదులు మట్టిలో తోక విసురుతుంది. నాలుగూ తిరిగేదానిలో ముందు చక్రాలు లాగుతాయి, వెనకవి తోస్తాయి. మోటారు నుంచి పొడవైన కడ్డీ ద్వారా కాని, బెల్టు ద్వారా కాని శక్తి రెండు వైపులకూ వెళుతుంది. మాది కడ్డీ బండి. దుమ్ములో బెల్టు కన్నా ఇదే మేలు, మూసి ఉంటుంది.

రెండు ఇరుసుల మధ్యా డిఫరెన్షియల్ ఉంటుంది. పాతకాలం కళ్ళం తలుచుకోండి. మధ్య గుంజ చుట్టూ వరసగా కట్టిన ఎద్దులు తిరుగుతుంటే బయటి ఎద్దు ఎక్కువ దూరం నడవాలి, లోపలి ఎద్దు తక్కువ. మలుపులో బండి చక్రాలదీ అదే అవస్థ. బయటి చక్రం ఎక్కువ తిరగడానికి వీలు కల్పించేదే డిఫరెన్షియల్. ఇందులో సిలికాన్ నూనె పోస్తారు. నూనె ఎంత చిక్కనైతే రెండు చక్రాలూ అంత కట్టుబడి తిరుగుతాయి. చిక్కదనాన్ని సెంటీస్టోక్స్ అనే లెక్కలో డబ్బా మీద వేస్తారు. మేము ముందు 7,000, వెనక 5,000 పోశాం. అవి తేనెలా సాగుతాయి. ముందు నూనె పలచనైతే మలుపులోకి ముక్కు సులువుగా తిరుగుతుంది. చిక్కనైతే మలుపు నుంచి బయటికి తిన్నగా లాగుతుంది. వెనక నూనె మరీ చిక్కనైతే మలుపులో త్రాటిల్ నొక్కగానే తోక జారుతుంది.

డ్యాంపర్లలో పోసేది వేరు, 350 నుంచి 450 దాకా, మన ఆముదానికి దగ్గరగా ఉంటుంది. నూనె పోసి, లోపలి పిస్టన్‌ను నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి, పది నిమిషాలు నిలబెట్టి ఉంచాలి. గాలి బుడగలన్నీ పైకి వచ్చాకే మూత. నాలుగింటినీ చేతిలో పట్టుకుని నొక్కి చూస్తే కుడి ఎడమ జతలు ఒకే వేగంతో తిరిగి రావాలి. ఒకదానిలో గాలి మిగిలినా బండి ఒక మలుపులో ఒకలా, ఇంకో మలుపులో ఇంకోలా పోతుంది. కారణం దొరక్క జుట్టు పీక్కోవాల్సి వస్తుంది. మాకు దాదాపు అదే జరిగింది. నాకు పీక్కోవడానికి జుట్టు లేదు, అంతే తేడా.

మోటారు ఇరుసు మీది చిన్న పళ్ళచక్రం పినియన్, దాన్ని తాకే పెద్దది స్పర్. రెండింటి మధ్య ఖాళీ ఎంతుండాలి? పలచని కాగితం ముక్క రెంటి మధ్య పెట్టి, దగ్గరికి నెట్టి మోటారు బిగించి, కాగితం లాగేయండి. సరిపోతుంది. బిగుతైతే మోటారు వేడెక్కుతుంది, వదులైతే పళ్ళు రాలిపోతాయి. ఐదు నిమిషాలు నడిపాక మోటారు ఒంటి మీద వేడి 70 డిగ్రీలు దాటుతోందంటే పినియన్ ఒక పన్ను తగ్గించాలి. వేగం కొద్దిగా తగ్గుతుంది, మోటారు బతుకుతుంది.

కొబ్బరిచిప్పల పందెపు బాట

మా ఊరి చెరువు వేసవికి ఎండుతుంది. గట్టి ఎర్రమట్టి, దాని మీద పలచగా దుమ్ము. కొబ్బరిచిప్పలు బోర్లించి మలుపులు గుర్తుపెట్టాం. ఒక చుట్టుకు మొదటి రోజు 34 సెకన్లు పట్టింది. మనవడు బండి వెంట పరుగెత్తేవాడు. రేసులో నడిపేవాడు ఒకచోట నిలబడాలని అలవాటు చేయడానికి వారం పట్టింది.

మొదట్లో బండి తిన్నగా పోనంది, ఎడమకు లాగింది. స్టీరింగు సరిచేశాడు, మళ్ళీ లాగింది. చదునైన బల్ల మీద పెట్టి, తిరుపుళి మొనను ముందు భాగం నడిమికి కింద పెట్టి నెమ్మదిగా ఎత్తాం. రెండు చక్రాలూ ఒకేసారి లేవాలి. కుడిది ముందు లేచింది. ఒక స్ప్రింగు కాలర్ ఒక గీత ఎక్కువ బిగిసి ఉంది. సరిచేశాక తిన్నగా పోయింది.

అసలు కథ మలుపుల్లో. ముందు చక్రాలు తిప్పినా బండి తిన్నగానే తోసుకుపోవడం ఒక జబ్బు. వెనక భాగం జారి తిరిగిపోవడం ఇంకో జబ్బు. ఇంగ్లీషులో వీటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మేము "ముక్కు తోపు", "తోక విసురు" అని పెట్టుకున్నాం. ముక్కు తోపుకు వాడు ఒక సాయంత్రం అయిదు మార్పులు చేశాడు. స్ప్రింగు మార్చాడు, నూనె మార్చాడు, చక్రం వాలు మార్చాడు, ఎత్తు తగ్గించాడు, టైర్లు మార్చాడు. బండి బాగైంది. "ఏది చేస్తే బాగైంది రా?" అన్నాను. "తెలీదు తాతా" అన్నాడు. అన్నీ వెనక్కి తీయించాను. ఒక నోటుపుస్తకం ఇచ్చాను. ఒకసారి ఒకే మార్పు, అయిదు చుట్లు, కాలం రాయడం. టూల్‌రూములో నాకు మా మేస్త్రి నేర్పింది అదే.

ఆ నోటుపుస్తకం తెలిపినది చూడండి. 34 సెకన్లను 31కి దించింది టైర్లే. మిగతా అన్నీ కలిపి తెచ్చింది ఒకటిన్నర సెకన్లు. వదులు మట్టికి పొడవాటి ముళ్ళ టైరు, గట్టిపడిన నేలకు పొట్టి ముళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నది. టైరును చక్రానికి జిగురుతో అంటించాలి, లేకపోతే వేగంలో ఊడివస్తుంది. లోపల స్పాంజి చుట్టు మెలిపడకుండా చూడాలి. ఇంత ఖరీదైన బండి మీద అంతా మోటారు మారుద్దామనే చూస్తారు. టైర్ల వైపు చూడరు.

తరువాత ఎత్తు. బ్యాటరీ పెట్టిన బండిని జానెడు ఎత్తు నుంచి బల్ల మీదికి వదిలి, అది కుదురుకున్నాక అడుగు ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. మేము 24 మిల్లీమీటర్ల నుంచి 21కి దించాం. గతుకులున్న చోట అంతకన్నా దించితే అడుగు నేలకు తగులుతుంది. తివాచీ పరిచిన పందెపు బాటల మీద ఇంకా కిందికి దించుతారట, మాకు ఆ భాగ్యం లేదు.

చక్రం పైభాగం లోపలికి ఒక డిగ్రీ వాలి ఉంటే మలుపులో టైరు నేలకు సమంగా ఆనుతుంది. ముళ్ళు లోపలి వైపు ఎక్కువ అరుగుతుంటే వాలు తగ్గించాలి. టైరే చెబుతుంది, మీటరు అక్కర్లేదు. వెనక చక్రాలు ముందువైపు ఒకదానికొకటి దగ్గరగా మూడు డిగ్రీలు మొగ్గి ఉంటే బండి తిన్నగా నిలుస్తుంది. ముందు చక్రాలు ఒక డిగ్రీ బయటికి విచ్చి ఉంటే మలుపులోకి చురుగ్గా తిరుగుతుంది. ఇవన్నీ మార్చాలంటే రెండు కొసలా మరలున్న కడ్డీలు కావాలి, ఒక కొస కుడి మర, ఇంకో కొస ఎడమ మర. విప్పకుండా మధ్యలో పానాతో తిప్పితే పొడవు మారుతుంది. మా పెట్టెతో వచ్చినవి మార్చడానికి వీల్లేనివి. నేనే లేతు మీద చేయించాలనుకుని 3 మిల్లీమీటర్ల ఎడమ మర ట్యాపు కోసం హోసూరంతా తిరిగాను. చివరికి కొనుక్కోవడమే చవక అని తేలింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఇప్పుడు తెలుస్తుంది.

చివరికి ముక్కు తోపును తగ్గించింది ముందు స్ప్రింగులను ఒక మెట్టు మెత్తనివిగా మార్చడం. మెత్తని స్ప్రింగు వైపు పట్టు పెరుగుతుంది. తోక విసురుకు మందు కూడా అదే, కాకపోతే వెనక. ఎండ ముదిరిన మధ్యాహ్నం డ్యాంపరు నూనె పలచబడి బండి గెంతుతుంది. అప్పుడు 350 తీసి 400 పోయాలి.

ఇంకొకటి మనవడు నాకు నేర్పాడు. బండి గట్టు మీంచి ఎగిరినప్పుడు ముక్కు కిందికి వాలితే గాలిలోనే త్రాటిల్ నొక్కాలి. చక్రాలు వేగంగా ముందుకు తిరిగితే బండి ఒళ్ళు దానికి ఎదురుగా తిరిగి ముక్కు లేస్తుంది. బ్రేకు నొక్కితే ముక్కు దిగుతుంది. నేను నమ్మలేదు. చేసి చూపించాడు.

చెప్పి తీరాల్సిన సంగతి

మొదటి ఏడాది నికెల్ బ్యాటరీ వాడాం. ఆరు సెల్లులు, 7.2 వోల్టులు. మొరటు సరుకు, కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. 2023 ఏప్రిల్‌లో లిపో కొన్నాం. లిథియం పాలిమర్ రకం, రెండు సెల్లులు, 7.4 వోల్టులు. తేలిక, బలం ఎక్కువ. మా చార్జరు రెండు రకాలకూ పనిచేస్తుంది, ఏ రకమో మీట నొక్కి ముందే చెప్పాలి.

నికెల్ బ్యాటరీ నిండగానే దాని వోల్టేజి కొద్దిగా పడిపోతుంది. చార్జరు ఆ తగ్గుదల కోసం చూసి ఆగుతుంది. లిపోలో ఆ తగ్గుదల రాదు. ఒక్కో సెల్లు 4.2 వోల్టుల దగ్గర, అంటే రెండూ కలిపి 8.4 దగ్గర, ఆపేయాలి. నికెల్ అని చెప్పి లిపో తగిలిస్తే చార్జరు ఆగకుండా నింపుతూనే ఉంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం మనవడు భోజనానికి లోపలికి వెళ్ళాడు. వాడు వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందని వరండాలో బ్యాటరీ నేనే తగిలించాను. కళ్ళద్దాలు లోపల ఉన్నాయి. లేచి వెళ్ళడానికి బద్ధకించి, అలవాటు కొద్దీ పాత మీటే నొక్కాను. ఇంతలో ఫోను వచ్చింది. మాట్లాడి వచ్చి చూస్తే బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. గోడ దగ్గర స్విచ్చి ఆపి వెనక్కి అడుగేశాను. తుస్సుమని తెల్లటి పొగ, ఆ వెంటనే మంట. పక్కింటి కట్టడానికి పోసిన ఇసుక రెండు తట్టలు తెచ్చి పోశాను. ప్లాస్టిక్ కుర్చీ, తీగ మీది నా పంచె, కిటికీ తెర కాలిపోయాయి. గోడ నల్లబడింది. పొగకు అందరం గంటసేపు వీధిలో నిలబడ్డాం. బ్యాటరీ కింద రాతి అరుగు కాకుండా చాప ఉండి ఉంటే ఏమయ్యేదో తెలీదు.

సాయంత్రం మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చాడు. గోడ చూసి, "ఎవరు పెట్టారు చార్జింగు?" అన్నాడు. మనవడు నా వైపు చూసి తల దించుకున్నాడు. దించిన తలనే వాడు జవాబు అనుకున్నాడు. చెడామడా తిట్టి, బండినీ రేడియోనూ అన్నీ సంచీలో వేసి బెంగుళూరు తీసుకుపోయి అటక మీద పెట్టాడు. కర్మాగారంలో ప్రతి ప్రమాదానికీ కారణం రాసి సంతకం పెట్టినవాణ్ణి, ఆ సాయంత్రం నా నోరు పెగల్లేదు.

పదకొండు రోజుల తరువాత ఫోను చేసి చెప్పాను. మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వాడితో నువ్వే మాట్లాడు నాయనా" అని ఫోను వాడికిచ్చాడు. నేనేదో అనబోయాను. వాడు మధ్యలోనే, "తాతా, వెనక డిఫరెన్షియల్ నూనె కారుతోంది, అటక మీద అట్టే పెడితే పాడవదా?" అని అడిగాడు.

దసరాకు బండి తిరిగి వచ్చింది. చార్జరు మీద ఒక కాగితం అంటించి ఉంది. బడిలో వాడు చదివేది కన్నడం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్నవే. పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "తాతా కల్లద్దాలు". 'ళ' దిద్దుదామని కలం తీశాను, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. అది ఇంకా అలాగే ఉంది.

మీ ఇంట్లో ఇలాంటి బ్యాటరీ ఉంటే, బండిలోనే కానక్కర్లేదు, పిల్లలు ఎగరేసే డ్రోన్లలో ఉండేవీ ఇవే, దయచేసి కొన్ని పాటించండి. మనిషి దగ్గర లేకుండా, నిద్రపోతూ చార్జి చేయవద్దు. రెండు సెల్లులనూ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జరే వాడండి, ఆ చిన్న తెల్ల ప్లగ్గు కూడా తగిలించండి. ఎన్ని ఆంపియర్ గంటల బ్యాటరీయో అన్ని ఆంపియర్లకు మించి పెట్టవద్దు. మంట తట్టుకునే సంచీలో, రాతి మీదనో సిమెంటు మీదనో పెట్టండి, పక్కన బకెట్టు ఇసుక ఉంచండి. ఉబ్బినదాన్ని, దెబ్బ తిన్నదాన్ని మళ్ళీ చార్జి చేయవద్దు. వాడకుండా దాచేటప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, పూర్తిగా నింపి దాచవద్దు. నడిపేటప్పుడు పూర్తిగా దింపేయకుండా, స్పీడు కంట్రోలరులో లిపో కోత పెట్టుకోండి.

రేడియో సంగతి రెండు ముక్కల్లో. ముందు చేతిలోది వెయ్యాలి, తరువాత బండిది. ఆపేటప్పుడు ముందు బండిది, తరువాత చేతిలోది. తారుమారైతే బండి తన ఇష్టం వచ్చినట్టు పోవచ్చు.

బెంగుళూరు శివారులో

2024 నవంబరులో బెంగుళూరు శివారులో తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలో కొందరు కలిసి ఒక ఆదివారం పందెం పెట్టుకున్నారు. సుమారు ఇరవై బండ్లు. ఎక్కువమందివి బ్రష్‌లెస్ మోటార్లు, మాది పెట్టెతో వచ్చిన మామూలు మోటారే. తిన్నని బాటలో అందరూ మమ్మల్ని దాటిపోయారు. మలుపుల్లో కొందరిని మేము పట్టుకున్నాం.

అక్కడ ఒక మంచి ఆచారం చూశాను. ఒక జట్టు పరుగు ముగియగానే ఆ నడిపినవాళ్ళే తరువాతి జట్టుకు మలుపుల దగ్గర నిలబడి, బోర్లాపడిన బండ్లను ఎత్తి నిలబెట్టాలి. తప్పించుకోవడానికి లేదు. మా వాణ్ణి దాటి గెలిచిన పిల్లవాడి బండిని మా వాడే రెండుసార్లు ఎత్తి పెట్టాడు. రెండోసారి కొంచెం నెమ్మదిగా పెట్టాడేమో అని నాకు అనుమానం.

పొద్దున మంచుకు నేల తడిగా ఉంది. మధ్యాహ్నానికి దుమ్ము లేచింది. ఆఖరి పరుగుకు ముందు నేను డ్యాంపరు నూనె మార్చాలన్నాను. వాడు నోటుపుస్తకం తీసి చెరువులో రాసిన ఒక పేజీ నా ముందు పెట్టాడు. అదే దుమ్ము, అదే వేడి, టైర్లు మార్చాక నూనె మార్చితే కాలం తేడా రాలేదు. "టైర్లు చాలు తాతా" అన్నాడు. మా అబ్బాయి ఒక పక్క నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నాడు. పొడవు ముళ్ళ టైర్లు వేసి పంపాం. ఆఖరి పరుగులో ఎనిమిది బండ్లకు మాది అయిదోది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, పెట్టి, రేడియో, బ్యాటరీలు, చార్జరు అన్నీ కలిపి ఎంతయింది అని మా అబ్బాయి అడిగాడు. ఒక మంచి ఫోను ఖరీదు అని చెప్పాను. టైర్ల లెక్క అందులో కలపలేదు. వాడు వెనక సీటులో నోటుపుస్తకంలో రాస్తూ రాస్తూ నిద్రపోయాడు. తీసి చూశాను. "5వ స్థానం. మలుపు 3లో ముక్కు తోపు. వెనక ఎడమ బేరింగు శబ్దం" అని ఉంది.

ఆ బేరింగు మార్చడం సంక్రాంతి సెలవులకు పెట్టుకున్నాం. విప్పితే ఇంకో రెండు కూడా అరిగి ఉన్నాయి.